క్లోన్ పిస్టల్ అని దేన్ని అనాలి? బ్రౌనింగ్ హైపవర్, దాని చుట్టాల మీద చర్చ

వంశధార_రవి (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. పోలీసు అమరవీరుల సంస్మరణ వారోత్సవాలకి మా దగ్గర ఓపెన్ హౌస్ పెట్టి, బల్లల మీద ఆయుధాలు పరిచి చూపించారు. అందులో 9 ఎంఎం పిస్టల్ ఉంది. అక్కడున్న హెడ్ కానిస్టేబుల్ గారు "ఇది బ్రౌనింగ్" అన్నారు. పక్కనే ఉన్న మా స్నేహితుడు "బ్రౌనింగ్ కాదు, దాని కాపీ, మన దేశంలోనే చేశారు" అన్నాడు. బ్రౌనింగ్ హైపవర్ అసలు చేసింది బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ. ఈ పిస్టల్ మీద చూస్తే బెల్జియం పేరేమీ లేదు, ఇషాపూర్ ఫ్యాక్టరీ గుర్తు ఉంది.

నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ని. నా సందేహం ఒక్కటే. ఒక పిస్టల్‌ని ఇంకో పిస్టల్‌కి క్లోన్ అనాలంటే ఏం కలవాలి? రూపమా, లోపలి పనితనమా, కొలతలా, లైసెన్సు కాగితమా? నెట్‌లో వెతికితే ఒక్కొక్కరు ఒక్కోలా వాడుతున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

నెల్లూరు_నాగరాజు

తమ్ముడూ, దీనికి అంత ఆలోచన అవసరంలేదు. చూడగానే అదే అనిపిస్తే క్లోన్. పిడి వంపు, పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్ ముందు భాగంలో మెట్టులాగా దిగడం, వెనక తూటా పేలడానికి కొట్టే హ్యామర్ ఆకారం, ఇవి కలిస్తే హైపవర్ క్లోన్. కొనేవాడైనా, పట్టుకునేవాడైనా, ఫొటో చూసేవాడైనా గుర్తుపట్టేది రూపంతోనే కదా.

---

ఓరుగల్లు_శ్రీను

నాగరాజన్నా, రూపం పట్టుకుని పోతే హంగేరీ దగ్గరనే దారి తప్పుతం.

హంగేరీల ఎఫ్ఈజీ అని ఫ్యాక్టరీ ఉండేది. వాళ్లు హైపవర్‌ని దించినట్టే పీజేకే-9హెచ్‌పీ అని ఒకటి చేసిన్రు. అది లోపలా బయటా హైపవరే. గదే ఫ్యాక్టరీ పీ9ఆర్ అని ఇంకోటి తీసింది. దూరంకెళ్లి చూస్తే దాన్ని కూడా హైపవర్ అనే అంటరు. విప్పి చూస్తే ట్రిగ్గర్ నుంచి హ్యామర్ దాకా ఉన్న యంత్రాంగం మొత్తం అమెరికా స్మిత్ అండ్ వెసన్ 59 దారిల పోతది. హ్యామర్ దింపి ఉన్నా ట్రిగ్గర్ నొక్కితే పేలే డబుల్ యాక్షన్ అది. అసలు హైపవర్‌ల ఆ ఏర్పాటే లేదు, హ్యామర్ ముందుగాల ఎక్కించుకోవాలె.

ఇప్పుడు దీనికి సరిగ్గ ఉల్టా కేసు చెప్త. బల్గేరియాల ఆర్కస్ 94 అని ఉన్నది. స్లైడ్ మందంగ, పలకలు పలకలుగ ఉంటది, ఫొటో చూస్తే హైపవర్ అని ఎవ్వరూ అనరు. లోపల మాత్రం హైపవరే, సామాన్ల శానా మటుకు ఇటుది అటు పడ్తది.

మరి నీ లెక్కల పీ9ఆర్ క్లోన్ అయితది, ఆర్కస్ కాకుంట పోతది. నా లెక్కల ఉల్టా.

---

మాజీ_ఆర్మరర్ (ఒంగోలు)

సైన్యంలో నా ఉద్యోగమంతా ఆయుధాల మరమ్మతులోనే గడిచింది. పిస్టల్ 9 ఎంఎం 1ఏ నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. రవి చూసింది అదే. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసేది.

మా వర్క్‌షాపులో ఈ ప్రశ్నకి జవాబు మాటల్లో ఉండేది కాదు. ఒక పిస్టల్‌కి సియర్, అంటే ఎక్కించిన హ్యామర్‌ని పట్టి ఉంచే కొక్కెం, అరిగిపోయిందంటే స్టోర్ నుంచి కొత్త సియర్ తెప్పిస్తాం. ఆకురాయి పట్టకుండా, గీకకుండా అది కూర్చుని, ఆపైన కొలత సరిచూసే గేజ్ పరీక్షలో నెగ్గితే రెండూ ఒకే నమూనా. ఆకురాయి పట్టాల్సి వస్తే దగ్గర చుట్టాలు. ఎంత రుద్దినా కూర్చోకపోతే రూపం ఒకటైనా వేరు ఆయుధాలు. నేను నమ్మేది ఈ కొలబద్దనే.

ఇందులో ఒక మెలిక ఉంది, కొత్తవాళ్లు అక్కడే తికమక పడతారు. అన్ని భాగాలకీ సమానమైన విలువ లేదు. పిడి రేకులు, సైట్లు, మ్యాగజీన్ అడుగు పలక మారితే నమూనా మారినట్టు కాదు. నమూనాని పట్టి చూపించేవి నాలుగు చోట్లు. స్లైడుకీ బ్యారెల్‌కీ తాళం ఎలా పడుతుంది, ఎలా విడుతుంది. ట్రిగ్గర్ మీద వేలు ఒత్తిడి హ్యామర్ దాకా ఏ దారిన వెళుతుంది. స్లైడు ఏ పట్టాల మీద నడుస్తుంది. మ్యాగజీన్ ఎలా కూర్చుని తూటా ఏ కోణంలో పైకి అందిస్తుంది.

హైపవర్ విషయానికొస్తే, బ్యారెల్ కింద గట్టి దిమ్మ ఉంటుంది, అందులో వంపుగా కోసిన క్యామ్ గాడి. స్లైడు వెనక్కి వెళ్లేటప్పుడు కొంత దూరం బ్యారెల్‌ని వెంట తీసుకెళుతుంది. ఆ గాడి బ్యారెల్ వెనక కొసని కిందికి లాగగానే బ్యారెల్ పైనున్న లగ్‌లు (తాళం వేసే గట్లు) స్లైడ్ నుంచి విడిపోతాయి. ఇక ట్రిగ్గర్ దారి దీనికే ప్రత్యేకం. మ్యాగజీన్‌లో తూటాలు రెండు వరసల్లో ఉండటంతో పిడి మధ్యలో చోటు మిగలదు. అందుకని ట్రిగ్గర్ నుంచి ఒక మీట పైకి లేచి, స్లైడ్ లోపల దాగిన ఇంకో మీటని తోస్తుంది. ఆ మీట వెనక కొస కిందికి దిగి సియర్‌ని నొక్కుతుంది. వేలి ఒత్తిడి ఫ్రేమ్ నుంచి స్లైడ్‌లోకి ఎక్కి, మళ్లీ ఫ్రేమ్‌లోకి దిగుతుందన్నమాట. స్లైడు విప్పి ఆ మీట కనపడిందంటే అది హైపవర్ సంతతి అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

శ్రీను చెప్పిన పీ9ఆర్ ఈ రెండో పరీక్షలోనే పోతుంది.

---

లలిత_ఐపీ (బెంగళూరు)

నేను పేటెంట్ల వ్యవహారాలు చూస్తాను, ఆయుధాల లోపలి సంగతులు మన ఆర్మరర్ సుబేదార్ గారంత తెలియవు. కానీ ఈ చర్చలో ఇంకా ఎవరూ తాకని విషయం ఒకటుంది.

ఉక్కు ఒకటే అయినా కాగితం వేరైతే పేరు మారుతుంది. అసలు కంపెనీ అనుమతితో, దాని డ్రాయింగులతో, దానికి రాయల్టీ కడుతూ ఇంకో దేశంలో చేస్తే అది లైసెన్సు ఉత్పత్తి. క్లోన్ అనే మాట అనుమతి లేనిచోటనో, పేటెంటు గడువు తీరాక అనుమతితో పనిలేనిచోటనో వాడతారు. మన బజాజ్ స్కూటర్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1971 దాకా పియాజియో లైసెన్సుతో వెస్పాలు చేశారు. ఆ ఒప్పందం పొడిగించలేదు, తర్వాత అదే ఆకృతిలో చేతక్ వచ్చింది. స్పానర్ పట్టుకున్న మెకానిక్‌కి పెద్ద తేడా లేదు, న్యాయస్థానానికి ఉంది.

హైపవర్‌లో కూడా అంతే. అర్జెంటీనాలో రొసారియోలోని ప్రభుత్వ ఫ్యాక్టరీ 1969 నుంచి ఎఫ్ఎన్ లైసెన్సుతో చేసింది. దాన్నీ, అనుమతి లేకుండా దించిన ఇంకోదాన్నీ ఒకే గాటన కట్టడం నాకు ఒప్పుదలగా లేదు.

---

మాజీ_ఆర్మరర్

అమ్మా లలితా, నువ్వు చెప్పింది చట్టానికి సరిపోతుంది. కానీ కాగితం చూసి నమూనా నిర్ణయిస్తే చిక్కులొస్తాయి. అదే రొసారియో ఫ్యాక్టరీ తర్వాత తర్వాత స్లైడు ముందున్న మెట్టు తీసేసి తిన్నగా చేసిన రకాలు కూడా తెచ్చింది. లైసెన్సుతో మొదలైనదే అసలు రూపానికి దూరంగా జరిగింది. లైసెన్సు లేని హంగేరీ పిస్టల్ అసలుకి ఎంతో దగ్గరగా ఉండిపోయింది. ఏది దేనికి దగ్గరో చెప్పమని అడిగినప్పుడు కాగితం అబద్ధం చెప్పగలదు, గేజ్ చెప్పలేదు.

---

ఓరుగల్లు_శ్రీను

ఇద్దరి మాటలూ ఒక్కచోట కలిసేది రెండో ప్రపంచ యుద్ధంలనే. గందుకే హైపవర్ చరిత్ర అంటే నాకు అంత ఇష్టం.

1940ల జర్మనీ బెల్జియంని ఆక్రమించుకున్నది. హెర్స్తాల్‌ల ఉన్న ఎఫ్ఎన్ ఫ్యాక్టరీ వాళ్ల చేతిలకి పోయింది. గవే మిషన్లు, గదే డ్రాయింగు, పిస్టల్ మాత్రం జర్మన్ సైన్యం కోసం. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పిస్టోల్ 640(బీ). ఆ బీ అంటే బెల్జియం. లక్షల్ల తయారైనయి. యజమాని ఒప్పుకోలే, కాగితం లేదు. మరి గది క్లోనా? అసలు ఫ్యాక్టరీల, అసలు మిషన్ మీద చేసినదాన్ని క్లోన్ అని ఎట్ల అంటం?

అదే యుద్ధంల అటు దిక్కు చూడుండ్రి. కెనడాల టొరంటో దగ్గర జాన్ ఇంగ్లిస్ కంపెనీ అప్పటికే బ్రెన్ మెషిన్ గన్లు చేస్తున్నది. చైనా జాతీయ ప్రభుత్వానికి పిస్టళ్లు కావాలె. బెల్జియం నుంచి డ్రాయింగులు తెచ్చుకునే దారి లేదు. చైనా దగ్గర ముందుగాల కొన్న ఎఫ్ఎన్ పిస్టళ్లు ఉంటే వాటిని విప్పి, కొలిచి, కొత్తగ డ్రాయింగులు గీసుకున్నరు. 1944ల ఉత్పత్తి మొదలైంది, యుద్ధం అయిపోయేసరికి లక్షన్నర దాకా చేసిన్రు. ఇది కొలిచి దించిన పిస్టలే, కానీ దొంగతనం కాదు. ఎఫ్ఎన్ నుంచి తప్పించుకుని బయటపడ్డ ఇంజినీర్లు మిత్రదేశాల పక్కనే ఉన్నరు.

ఇగ రవి తమ్ముని ప్రశ్నకి వస్త. మన ఇషాపూర్ 1ఏ ఈ ఇంగ్లిస్ నమూనా నుంచి వచ్చిందే. బెల్జియం నుంచి టొరంటో, టొరంటో నుంచి ఇషాపూర్. హెడ్ కానిస్టేబుల్ గారు బ్రౌనింగ్ అన్నా తప్పులేదు, మీ దోస్తు మన దగ్గర చేసిందని అన్నా తప్పులేదు.

---

డాలస్_కిరణ్

నేనుండేది టెక్సాస్‌లో. ఇక్కడ రేంజ్‌కి వెళ్లి కాల్చడం నా వారాంతపు అలవాటు, హైపవర్ అంటే మొదట్నుంచీ మోజు. ఈ మధ్య వచ్చిన మార్పు ఒకటి చెబితే సుబేదార్ గారి వాదన ఇంకా బలపడుతుంది.

ఎఫ్ఎన్ పాత హైపవర్ ఉత్పత్తిని 2018 ప్రాంతంలో ఆపేసింది. 2021లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ ఎస్ఏ-35 తెచ్చింది. పాత హైపవర్ మ్యాగజీన్ తీసి పెడితే దీంట్లో కూర్చుంటుంది. లోపలి భాగాలు కూడా చాలావరకు పాతవాటితో కలుస్తాయి. వాళ్లు మార్చింది కొద్దిగానే. మ్యాగజీన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటుని తీసేశారు, 15 తూటాల మ్యాగజీన్ ఇచ్చారు. టర్కీ నుంచి గిర్సాన్ ఎంసీ పీ35 కూడా ఇదే దారిలో వచ్చింది.

అసలు విశేషం ఆ తర్వాతిది. 2022లో ఎఫ్ఎన్ వాళ్లే స్వయంగా మళ్లీ హై పవర్ అని పిస్టల్ తెచ్చారు. 17 తూటాలు, రెండు చేతులకీ అందే మీటలు. చూడ్డానికి పాతదాన్నే గుర్తు చేస్తుంది. పాత మ్యాగజీన్ దీంట్లో పట్టదు, పాత భాగాలూ పట్టవు. అసలు కంపెనీ, అసలు పేరు, వస్తువు మాత్రం కొత్తది. పరాయి కంపెనీ, కొత్త పేరు, వస్తువు మాత్రం పాతది. లలిత గారూ, ఈ రెండింట్లో హైపవర్ వారసత్వం ఎవరిది అంటారు?

---

లలిత_ఐపీ

పేరు మీద హక్కు ఎఫ్ఎన్‌ది. వస్తువు మీద హక్కు ఇప్పుడు ఎవరిదీ కాదు, పేటెంట్ల గడువు ఎన్నడో తీరిపోయింది. కాబట్టి 2022 పిస్టల్‌ని హై పవర్ అనడానికి వాళ్లకి పూర్తి అధికారం ఉంది, ఎస్ఏ-35ని 1935 నాటి పాత హైపవర్ నమూనాకి క్లోన్ అనడానికి మనకీ ఏ అభ్యంతరమూ ఉండక్కర్లేదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

---

నెల్లూరు_నాగరాజు

సరే, రూపం చాలదని ఒప్పుకుంటా. మరి ఇంకో అడుగు వెనక్కి వేద్దాం. హైపవర్ కంటే ముందు 1911 కోల్ట్ పిస్టల్ ఉంది, అదీ హైపవర్‌కి పేరిచ్చిన డిజైనర్ జాన్ బ్రౌనింగ్ చేసిందే. స్లైడు, వంగే బ్యారెల్, హ్యామర్, అన్నీ అక్కడివే. అలాంటప్పుడు హైపవర్ 1911కి క్లోన్ ఎందుకు కాదు? ఎవరి క్లోన్ ఎవరో ఎక్కడ గీత గీస్తారు?

---

మాజీ_ఆర్మరర్

మంచి ప్రశ్న వేశావు నాగరాజూ. నేను చెప్పిన నాలుగు చోట్లా పెట్టి చూద్దాం.

తాళం సూత్రం ఒకటే. బ్యారెల్ కొస కిందికి వాలి విడిపోవడం రెండింట్లోనూ ఉంది. వాల్చే పద్ధతి వేరు. 1911లో బ్యారెల్ కింద చిన్న లింకు ఒకటి పిన్ను మీద ఊగుతూ లాగుతుంది. హైపవర్‌లో ఊగే లింకు లేదు, గట్టి దిమ్మలో గాడి. ట్రిగ్గర్ దారి కూడా వేరు. 1911 ట్రిగ్గర్‌కి వెనకనున్న చట్రం మ్యాగజీన్‌కి రెండువైపులా సాగి నేరుగా సియర్ దగ్గరికి వెళుతుంది. హైపవర్‌ది స్లైడు మీదుగా పోయే దారి అని ముందే చెప్పాను. 1911 మ్యాగజీన్‌లో తూటాలది ఒంటి వరస, దీంట్లో జంట వరస. 1911లో మూతి దగ్గర విడిగా ఊడివచ్చే బుషింగ్ ఉంటుంది, హైపవర్‌లో అది స్లైడ్‌లోనే భాగం. అరచేతితో నొక్కితేగానీ పేలనివ్వని గ్రిప్ సేఫ్టీ 1911లో ఉంది, దీంట్లో లేదు. ఒక్క భాగమూ ఇటుది అటు పడదు. కనుక ఇది క్లోన్ కాదు, తర్వాతి తరం.

1911కి అసలైన క్లోన్లు ప్రపంచమంతా ఉన్నాయి. కానీ పక్కపక్కనే పెట్టి చూడాల్సింది అర్జెంటీనా వాళ్ల బల్లెస్టర్-మొలినా. మొదటి చూపుకి 1911 అనే అనిపిస్తుంది. బ్యారెల్, మ్యాగజీన్ 1911వి దీంట్లో పడతాయి. గ్రిప్ సేఫ్టీ లేదు. ట్రిగ్గర్ తిన్నగా వెనక్కి జరగదు, ఇరుసు మీద తిరుగుతుంది. నేనైతే దాన్ని క్లోన్ అనను, అర్ధ క్లోన్ అంటాను. స్పెయిన్ స్టార్ మోడల్ బీ కూడా ఆ కోవలోదే.

రష్యా టోకరేవ్ ఇంకా దూరం. పైకి బ్రౌనింగ్ 1903 పోలిక. లోపల 1911 లాంటి ఊగే లింకు. కానీ హ్యామర్, సియర్, స్ప్రింగ్ అన్నీ కలిపి ఒక ముద్దగా బయటికి ఊడివచ్చే ఏర్పాటు టోకరేవ్ సొంతం. తూటాని దారిలో పెట్టే పెదవులు కూడా మ్యాగజీన్‌తో సరిపెట్టకుండా ఆ ముద్దలోనే మలిచాడు, మ్యాగజీన్ కొంచెం నలిగినా తూటా అడ్డం పడకుండా. సూత్రం అరువు తెచ్చుకుని కొత్తది కట్టినవాణ్ని నకలు చేశాడని అనకూడదు. ఆ టోకరేవ్‌ని చైనా టైప్ 54గా చేసింది చూడు, అది క్లోన్.

---

లలిత_ఐపీ

నాగరాజు గారి ప్రశ్నకి పేటెంట్ల వైపు నుంచి కూడా జవాబుంది, హైపవర్ కథలో నాకు ఎంతో నచ్చే ఘట్టం ఇదే.

1911 పేటెంట్లని బ్రౌనింగ్ కోల్ట్ కంపెనీకి ఇచ్చేశాడు. తర్వాత ఫ్రెంచి సైన్యం కోసం ఎఫ్ఎన్‌కి కొత్త పిస్టల్ గీయాల్సి వచ్చినప్పుడు, తన సొంత ఆలోచనలనే తను తప్పించుకుని గీయాల్సి వచ్చింది. 1923లో దరఖాస్తు చేసి 1927లో పొందిన ఆ పేటెంటులో బయటికి కనిపించే హ్యామరే లేదు, లోపల దాగి ముందుకు దూకే స్ట్రైకర్ పిన్నుతో పేలుతుంది. పేటెంటు వచ్చేనాటికి ఆయన లేడు, 1926 నవంబరులో లియేజ్‌లోనే చనిపోయాడు. పని ఎఫ్ఎన్ డిజైనర్ దియుదొన్నే సైవ్ చేతికి వచ్చింది. జంట వరస మ్యాగజీన్ ఆలోచన కూడా సైవ్‌దే. 1928లో కోల్ట్ చేతిలోని పేటెంట్ల గడువు తీరింది. అప్పుడే సైవ్ 1911లోని మంచి ఏర్పాట్లు కొన్ని ఇందులోకి తెచ్చాడు. 1935లో మనకి తెలిసిన హైపవర్ బయటికొచ్చింది.

ఏ భాగం ఏ ఆకారంలో ఉండాలో ఇంజినీరుతో పాటు పేటెంటు గడువు కూడా నిర్ణయించింది. ఒక పిస్టల్ ఇంకోదానికి క్లోన్ కాకుండా పోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అక్కడ చట్టం గోడ కట్టింది కాబట్టి పక్కనుంచి దారి వెతుక్కున్నారు.

గోడ దాటితే ఏమవుతుందో కూడా చెబుతాను. స్మిత్ అండ్ వెసన్ 1994లో సిగ్మా పిస్టల్ తెచ్చింది, గ్లాక్ కంపెనీ వెంటనే పేటెంటు దావా వేసింది. 1997లో కోర్టు బయట రాజీ కుదిరింది. స్మిత్ అండ్ వెసన్ డబ్బు కట్టి, డిజైన్‌లో మార్పులు చేసింది.

---

డాలస్_కిరణ్

అదే గ్లాక్ పాత తరం పేటెంట్ల గడువు తీరాక ఇక్కడ మార్కెట్ ఎలా మారిందో కళ్లారా చూస్తున్నాను. మూడో తరం గ్లాక్ 19 భాగాలు పట్టేలా పీఎస్ఏ డాగర్ లాంటివి వచ్చేశాయి. అమ్మేవాళ్లు దాచరు, గ్లాక్ భాగాలు పడతాయని ముందే చెబుతారు, కొనేవాళ్లు కూడా అందుకే కొంటారు. సుబేదార్ గారి స్టోర్ రూం పరీక్షే ఇక్కడ ప్రకటన అయిపోయింది.

లలిత గారూ, సీజెడ్ 75 గురించి కూడా రాయండి. దానంత విచిత్రమైన పేటెంటు కథ నేను వినలేదు.

---

లలిత_ఐపీ

చెకోస్లోవాకియాలో ఫ్రాంటిషెక్ కౌత్స్కీ గీసిన పిస్టల్ అది. ప్రభుత్వం ఆ పేటెంట్లని రహస్యం అని ముద్రవేసి దాచింది. దేశం లోపల ఇంకెవరూ నమోదు చేసుకోలేరు, నిజమే. కానీ రహస్యం కాబట్టి విదేశాల్లో దరఖాస్తు చేసుకోవడానికి కౌత్స్కీకి గానీ, కంపెనీకి గానీ వీల్లేకుండా పోయింది. పిస్టల్ మాత్రం ఎగుమతి కోసం చేసిందే. ప్రపంచమంతా చేతిలోకి తీసుకుని, విప్పి, కొలుచుకోవచ్చు, ఆపే హక్కు ఎవరికీ లేదు. ఇటలీ తాన్‌ఫోగ్లియో, స్విట్జర్లాండ్ ఐటీఎం, టర్కీ, చైనా, అందరూ చేశారు.

ఒక మనిషి జీవితమంతా నేర్చిన పనికి ఇలా కావడం నాకు బాధగా ఉంటుంది. భద్రత పేరుతో దాచినదే రక్షణ లేకుండా చేసింది.

---

డాలస్_కిరణ్

ధన్యవాదాలు. సీజెడ్ సంతతిని గుర్తుపట్టడానికి తేలిక గుర్తు ఉంది. మామూలు పిస్టళ్లలో స్లైడు ఫ్రేమ్ పట్టాలకి బయటినుంచి కప్పుకుని నడుస్తుంది. సీజెడ్ 75లో స్లైడు ఫ్రేమ్ గోడల లోపల నడుస్తుంది. అందుకే చేత్తో లాగడానికి స్లైడ్ తక్కువే దొరుకుతుంది. ఇది అంతకుముందే స్విస్ సిగ్ పీ210లో ఉంది. కాబట్టి లోపలి పట్టాలు ఒక్కటి చూసి సీజెడ్ క్లోన్ అనెయ్యకూడదు, పీ210 వయసులో సీజెడ్ కంటే పెద్దది.

ఇజ్రాయెల్ జెరికో 941 సంగతి ఇంకా తమాషా. 1990లో వచ్చింది. మొదట్లో తాన్‌ఫోగ్లియో నుంచి తెచ్చుకున్న భాగాల మీదే కట్టారు. అంటే క్లోన్ నుంచి పుట్టిన పిస్టల్. తాన్‌ఫోగ్లియో టీఏ90లో సేఫ్టీ మీటని ఫ్రేమ్ మీంచి స్లైడ్ మీదకి మార్చారు, జెరికో తొలి రకంలోనూ అలాగే ఉంది. సీజెడ్ భాగం తెచ్చి నేరుగా దీంట్లో పెట్టేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి, ముందు ఏ భాగమో, ఏ ఏడాదిదో కనుక్కోండి.

---

మాజీ_ఆర్మరర్

కిరణ్ చివర్లో అన్న "ఏ ఏడాదిది" అనే మాట చాలామంది మర్చిపోతారు. అసలు పిస్టల్ కూడా ఒకచోట నిలబడి ఉండదు. ఎఫ్ఎన్ 1962లో హైపవర్ ఎక్స్‌ట్రాక్టర్‌ని (పేలిన తూటా తొడుగుని బయటికి లాగే కొక్కేన్ని) స్లైడ్ లోపలినుంచి బయటికి మార్చింది. తర్వాత మార్క్ 3 అనే రకంలో ఫైరింగ్ పిన్నుని ఆపే దిమ్మ చేర్చింది. అలాంటప్పుడు 1944 హైపవర్‌కీ, మార్క్ 3కీ మధ్యే అన్ని భాగాలూ కలవవు. ఇంగ్లిస్ నమూనా ఒక కాలపు హైపవర్ దగ్గర ఆగింది. ఇంకోటి ఇంకో కాలం దగ్గర ఆగుతుంది. క్లోన్ అని అనేటప్పుడు ఏ నాటి అసలుకి అని కూడా చెప్పాలి. అది చెప్పకపోతే సగం మాటే చెప్పినట్టు.

---

కొత్త_సభ్యుడు_77

పేపర్లో వస్తుంటాయి కదా, బీహార్ ముంగేర్ నాటు పిస్టళ్లు, మీద మేడిన్ ఇటలీ అని చెక్కి ఉంటాయి. అవి కూడా క్లోన్లేనా? అవి ఎలా చేస్తారు?

---

నిర్వాహకుడు

తయారీ విధానాలు, మార్పులు చేర్పులు, భాగాలు సంపాదించే దారులు ఈ వేదికలో రాయకూడదు. ఆ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వొద్దు. మొదటి ప్రశ్న చర్చకి సంబంధించిందే, కొనసాగించండి.

---

మాజీ_ఆర్మరర్

కావు. మీద పేరు చెక్కినంతమాత్రాన క్లోన్ కాదు, అది దొంగముద్ర. క్లోన్ చేసేవాడు కొలత పాటిస్తాడు, ఉక్కుని సరైన వేడిలో గట్టిపరుస్తాడు, మామూలుకంటే ఎక్కువ ఒత్తిడి పెట్టే ప్రూఫ్ తూటాతో పరీక్షిస్తాడు. నాటుదానికి ఇవేవీ ఉండవు. ఒకదాని భాగం అదే మనిషి చేసిన ఇంకోదానికి కూడా పట్టదు. పేలినప్పుడు ఎదుటివాడికే కాదు, పట్టుకున్నవాడి చేతికీ ముఖానికీ ప్రమాదం. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడం ఆయుధ చట్టం 1959 కింద నేరం.

---

ఓరుగల్లు_శ్రీను

మన దేశం మాట వచ్చింది కాబట్టి రివాల్వర్ ముచ్చట కూడా చెప్త. పిస్టల్ కాకున్నా ఇదే ప్రశ్నకి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

మొదటి ప్రపంచ యుద్ధం అయినంక బ్రిటిష్ సైన్యానికి చిన్న రివాల్వర్ కావాల్సి వచ్చింది. వెబ్లీ కంపెనీ .38 (తూటా కొలత) రివాల్వర్ గీసి చూపించింది. సర్కారు ఆ డిజైన్ పట్టుకపోయి తన సొంత ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీల కొంత మార్చి ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 అని చేసుకున్నది. వెబ్లీ వాళ్లు మా కష్టానికి 2250 పౌండ్లు ఇయ్యమని అడిగిన్రు, సర్కారు ముందు ఒప్పుకోలే. ఆఖరికి ఆవిష్కర్తల పారితోషికాల రాయల్ కమిషన్ 1250 పౌండ్లు ఇప్పించింది. రెండూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల లెక్క ఉంటయి, లోపలి సామాను ఒకదానిది ఒకదానికి పడదు. సుబేదార్ గారి లెక్కల వేరు ఆయుధాలు. ఆ కమిషన్ లెక్కల బాకీ ఉన్నట్టే.

ఆ వెబ్లీ మార్క్ 4 నమూనానే మన కాన్పూర్ .32 రివాల్వర్‌కి మూలం. మామూలు పౌరునికి .38 ఇయ్యరు, అది నిషిద్ధ బోరు, గందుకని .32 చేసిన్రు. వెబ్లీ అండ్ స్కాట్ పేరు మీద ఉత్తరప్రదేశ్ హర్దోయీ జిల్లాల ఈ మధ్యనే .32 రివాల్వర్ తయారీ మొదలైంది. దించినది కాన్పూర్‌ల ఏండ్ల తరబడి అమ్ముడుపోయినంక అసలు పేరు దాని పక్కకొచ్చి దుకాణం పెట్టింది.

---

వంశధార_రవి

ఇంత లోతుగా చెబుతారనుకోలేదు, అందరికీ దండాలు. నాకు అర్థమైనంతవరకు ముందు తాళం, ట్రిగ్గర్ దారి, పట్టాలు, మ్యాగజీన్ చూడాలి. తర్వాత ఏ ఏడాది అసలుతో పోలుస్తున్నామో చెప్పాలి. లైసెన్సు ఉందా లేదా అనేది వేరే గడిలో రాసుకోవాలి. అయితే ఒక్కటి మిగిలింది. రష్యా మకరోవ్ పిస్టల్‌ని జర్మనీ వాల్తర్ పీపీ క్లోన్ అని చాలాచోట్ల రాస్తారు. అది ఈ లెక్కలో ఎక్కడుంటుంది?

---

లలిత_ఐపీ

లైసెన్సుకి వేరే గడి అంటే నాకు సమ్మతమే. ఆ గడి ఖాళీగా వదలకూడదన్నదే నా పట్టు. యుద్ధం తర్వాత వాల్తర్ పీపీలు చాలా ఏళ్లు ఫ్రాన్స్‌లో మనురిన్ కంపెనీ లైసెన్సుతో చేసింది. ఆ గడి చూడకపోతే వాటిని ఫ్రెంచి క్లోన్లు అనేస్తారు.

---

మాజీ_ఆర్మరర్

మకరోవ్ క్లోన్ కాదు రవీ. పోలిక రావడానికి కారణం ఉంది. రెండింట్లోనూ బ్యారెల్ ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది, తాళం లేదు, స్లైడు బరువు, స్ప్రింగ్ బలం మీదే ఆధారం. రెండింటినీ విప్పాలంటే ట్రిగ్గర్ గార్డుని కిందికి లాగాలి. మకరోవ్ వాల్తర్‌ని చూసే నేర్చుకున్నాడు, అందులో సందేహం లేదు.

కానీ లోపలికి వెళ్లి చూస్తే మకరోవ్‌లో ఒకే బద్ద స్ప్రింగ్ హ్యామర్‌ని తోస్తుంది, ట్రిగ్గర్ బార్‌కి బిగువు ఇస్తుంది, కింది కొసతో మ్యాగజీన్‌ని కూడా పట్టి ఉంచుతుంది. వాల్తర్‌లో ఆ పనులకి వేరువేరు భాగాలు. సేఫ్టీ మీట వాల్తర్‌లో కిందికి దించితే భద్రం, మకరోవ్‌లో పైకి ఎత్తితే భద్రం. ఒకదాని మీద చెయ్యి అలవాటైనవాడు ఇంకోటి పట్టుకుంటే ప్రాణం మీదికి వచ్చే తేడా అది.

అసలు వాల్తర్ పీపీ క్లోన్ చూడాలంటే హంగేరీ పీఏ-63 చూడు. అది కాల్చేది మకరోవ్ తూటా, 9×18. తూటా చూసి దాన్ని మకరోవ్ చుట్టం అనుకుంటారు. విప్పితే లోపల వాల్తర్ ఏర్పాటే ఉంటుంది.